లండన్‌కు మేపిన గొర్రెలు

పరిగి దాటి బండిబాటలో పోతే తగిలే గుట్టకిందపల్లిలో ఇంటికొక దావా గొర్రె ఉండేది. నవ్వకండి, దాని పేరు నిజంగా అదే. ఊరి వెనకున్న బీడు కోసం కోర్టుకెక్కిన ఏడాది వకీళ్ళకు ఇవ్వడానికి ఎవరి దగ్గరా దుడ్లు లేక, పెద్దలంతా చావడిలో కూచుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ప్రతి ఇంటివాళ్ళూ ఒక ఆడగొర్రెను దావాకు వదలాలి. గుర్తుగా దాని చెవి కత్తిరించాలి. అది ఈనిన పిల్లలు, ఆ పిల్లలకు పుట్టిన పిల్లలు, వాటి బొచ్చు, చివరికి వాటి ఎరువు కూడా దావాకే చెందుతాయి.

కట్టుబాటంటే కట్టుబాటే. యాభైల మొదట్లో వచ్చిన ఆ పాడు కరువులో, మనుషులు గంజికే కటకటలాడుతున్నప్పుడు కూడా, ఆ మంద జోలికి ఎవరూ పోలేదు. జాతర వస్తే సొంత పొట్టేలును కోసుకున్నారే గానీ చెవి తెగినదాన్ని ముట్టలేదు. వంతులు వేసుకుని మేపారు. రెడ్డి ఇంటివాళ్ళూ, కురుబ ఇంటివాళ్ళూ, కూలికి పోయేవాళ్ళూ అందరూ మేపారు. ఆ బీడు లేకపోతే ఊళ్ళో ఒక్క గొర్రె కూడా బతకదని అందరికీ తెలుసు.

ఆ మంద పెనుకొండ కోర్టు ఖర్చు భరించింది, అనంతపురం ఖర్చు భరించింది. మద్రాసు హైకోర్టులో వేసిన అప్పీలు, రాష్ట్రం విడిపోయాక గుంటూరుకు పోయి, మళ్ళీ అక్కణ్ణుంచి హైదరాబాదుకు పోయి, యాభై ఏడులో కొట్టేయబడింది. బీడు రంగప్పదని తేల్చేశారు. రంగప్ప అగళి వైపు నుంచి వచ్చి పరిగిలో స్థిరపడ్డ పెద్ద ఆసామి. తాతల నాటి ఇనాం కాగితం ఒకటి చేతబట్టుకుని, మూడు కోర్టుల్లోనూ గెలిచాడు. ఢిల్లీకి పోతామని ఊరు అనుమతి అడిగితే హైకోర్టు అదీ లేదంది.

చెన్నకేశవులు ఆ ఊరి మొదటి వకీలు. తండ్రి తిమ్మప్ప సేద్యగాడు, నాలుగెకరాల తరి, మిగిలిందంతా మెట్ట. కేశవులు మద్రాసులో బి.ఎల్. చదివి, హిందూపురంలో గుండూరావుగారి దగ్గర జూనియరుగా చేరాడు. హిందూపురంలో చిన్న గది, పెనుకొండలో కోర్టు, మధ్యలో రైలు. నల్లకోటు తొడుక్కున్న రోజు నుంచీ అతనికి ఊపిరాడేది కాదు. వాయిదా, మళ్ళీ వాయిదా, సాక్షి రాలేదని ఇంకో వాయిదా. పెనుకొండ స్టేషన్లో దిగినప్పుడల్లా, వెనక్కి పోయే రైలు ఎప్పుడని చూసేవాడు. అతనికి వాదించడం ఇష్టం లేదు. చట్టాలు ఎట్లా పుట్టాయో, ఒక దేశం చట్టం ఇంకో దేశానికి ఎట్లా పోయిందో చదవడమంటే ప్రాణం. పైచదువు చదివి, ఏదో ఒక లా కాలేజీలో పాఠం చెప్పుకుంటూ బతకాలని అతని కోరిక. మద్రాసులోని పాత ప్రొఫెసరు ఒకాయన ఆ కోరికను ఇంకాస్త ఎగదోసి, రెండు యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టించాడు.

రెండూ రమ్మన్నాయి. అమెరికాలోది ఫీజు మాఫీ చేసి, ఉండటానికి గది కూడా ఇస్తామంది. లండన్‌ది సీటు మాత్రం ఇస్తామంది, తక్కినదంతా నువ్వే చూసుకోమంది. ఏది ఎంచుకోవాలో చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు. అయితే ఓడ ఖర్చుకైనా దుడ్లు కావాలి, అవి తిమ్మప్ప దగ్గర లేవు. ఊళ్ళో అమ్మి దుడ్లు చేసుకోగల ఆస్తి ఒక్కటే, దావా మంద. అందుకని విషయం చావడికి వచ్చింది.

మందకు పెద్ద గంగప్ప. కురుబ గంగప్ప అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాడు లేడు. భుజాన కంబళి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక నమలుడు. కులం వేరైనా కేశవులుకు పుట్టినప్పటి నుంచీ గంగప్ప మామే.

"అమెరికాలో ఫీజు లేదంటాండారు మామా. ఓడ ఖర్చు ఒకటి సూసుకుంటే సాలు," అన్నాడు కేశవులు.

గంగప్ప నమిలేది ఆపాడు. "అది సరేప్పా. అమెరికాలో మన దావా ఎవుడు ఇంటాడు?"

కేశవులుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గుండె గుభేలుమంది. ఊరు తనను చదువుకు పంపడం లేదు, అప్పీలుకు పంపుతోంది!

తెల్లదొరల కాలంలో మద్రాసులో ఓడినవాడు లండన్‌లో అప్పీలు చేసుకునేవాడు, అది నిజమే. కేశవులు అవ్వ పుట్టమ్మ ఆ కథ చెప్పని రోజు లేదు. "మా పుట్టింటి పక్కూర్లో ఒక రెడ్డి ఈడ అన్ని కోర్టుల్లో ఓడిపోయి లండన్‌లో గెలిచినాడు. తెల్లోడు కాయితం తిరగేసి, ఇదేం అన్యాయమబ్బా, పోయి దున్నుకో పో అన్న్యాడంట!" ఆ రెడ్డి పేరేమిటో, ఆ పక్కూరు ఏదో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అవ్వ చెప్పింది, ఊరు నమ్మింది.

"ఆ దారి మూసేసినారు మామా. స్వతంత్రం వచ్చినాక నలభై తొమ్మిదిలో చట్టం చేసి ఆపేసినారు. మనోళ్ళ అప్పీళ్ళు ఇంగ లండన్‌కు పోవు."

"కోర్టు కూలగొట్టినారా?"

"కూలగొట్టల్యా. ఉండాది. వేరే దేశాలోళ్ళవి ఇంటాండారు."

"ఉండాది కదా!" గంగప్ప చావడి అంతా కలయజూశాడు. "ఆ మాట సాలు. మన కోర్టే ఒక సోట కాలు నిలపల్యా. మద్రాసంటిరి, గుంటూరంటిరి, హైద్రాబాదంటిరి. తిరిగే కోర్టుకు న్యాయం యాడ తెలుస్తాది? లండన్ కోర్టు పుట్టినకాడ్నే ఉండాది. నువ్వు ఆడికి పోయి సదువుకుంటే, ఆ జడ్జీలు నీ మొగం గుర్తుపడ్తారు. దావా నువ్వే ఏస్తావు."

చావడి మొత్తం అవునవునంది. కేశవులు మళ్ళీ నోరు తెరిచేలోగా తిమ్మప్ప అతని రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

"ఇంగోతూరి ఆ మాటనొద్దు. అన్నావంటే గొర్రెలు ఎవురి దొడ్లోకి వాళ్ళు తోలుకుంటారు. నీ సదువు పెనుకొండ రైల్లోనే తెల్లారిపోతాది. నీకు పోవాల్నా వద్దా?"

పోవాలి. అదే కదా చిక్కు! పోవాలని అతనికి ఎంత ఉందంటే, ఆ రోజు నోరు మూసుకున్నాడు. చెప్పాల్సింది ఒకసారి చెప్పాను, నమ్మకపోతే నేనేం చేసేది అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అమెరికాకు రాను అని రాసేశాడు. ఉచితంగా వచ్చిన చదువును చేతులారా వదులుకుని, ఊరి గొర్రెల మీద లండన్‌కు సిద్ధమయ్యాడు. అక్కడ ఏం చదవాలో కూడా ఊరే తేల్చింది. రోమన్ చట్టం, చట్టాల చరిత్ర అని అతను రాసుకుంటే, "బీడు గురించి సదవవా?" అని గంగప్ప మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఒకటి కొట్టేసి, భూముల చట్టం చేర్చాడు. ఇంగ్లండు భూముల చట్టం గుట్టకిందపల్లి బీడుకు ఎట్లా పనికొస్తుందో ఆ దేవుడికే ఎరుక.

హిందూపురం సంతలో మంద సగం అమ్మారు. తల్లి గొర్రెలను మాత్రం ఏటేటా పంపే ఖర్చుకని ఉంచుకున్నారు. అమ్మిన రోజు గంగప్ప ఏడ్చాడని అంటారు. కేశవులు చూడలేదు. చూసి ఉంటే పోయేవాడో లేదో.

సెప్టెంబరులో ప్రయాణం. బొంబాయిలో ఓడ. హిందూపురం స్టేషన్లో ఊరు ఊరంతా దిగింది. దండలు వేశారు, బొరుగులు, వేరుశనగ ఉండలు మూట కట్టి ఇచ్చారు. పుట్టమ్మ అవ్వ నుదుట ముద్దు పెట్టి, "తెల్లోనికి భయపడొద్దు నాయనా, మనది న్యాయం," అంది. తిమ్మప్ప, గంగప్ప, ఇంకో ఇద్దరు పెద్దలు, సాగనంపడానికి గుండూరావుగారు, ఇంతమందీ ధర్మవరం దాకా రైలెక్కారు.

పెనుకొండలో రైలు ఆగింది. కొండ, కోటగోడ, ప్లాట్‌ఫారం మీద ఫైళ్ళ కట్టలతో దిగుతున్న గుమాస్తాలు. ఇంక నేను ఈడ దిగక్కర్లేదు అనుకున్నాడు కేశవులు. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ స్టేషన్ అతనికి అందంగా కనిపించింది.

ధర్మవరంలో ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి రైలు చాలాసేపు నిలుస్తుంది. అందరూ కాఫీకి దిగారు. దిగీ దిగగానే ఎదురుగా రంగప్ప! జరీ అంచు పంచె, చేతిలో పొన్నుకర్ర, వెనక అతని వకీలు. పరిగి నుంచి కారులో రైలుకంటే ముందే వచ్చి కూచున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"తిమ్మప్పా, గంగప్పా, గొడవొద్దు, కూసోండి," అన్నాడు బెంచీ చూపిస్తూ. ఎవరూ కూచోలేదు. "సగం బీడు మీకు రాసిస్తా. ఊరి పేరున. రేపే పెనుకొండలో రాజీ రాసుకుందాం, కోర్టులో దాఖలు సేద్దాం. నాదొకటే మాట. ఈ పిల్లోడు లండన్‌కు పోగూడదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ పోగూడదు."

అతని వకీలు ఇబ్బందిగా దగ్గాడు. రంగప్ప అతనికేసి చెయ్యి విదిలించాడు. "ఈయప్ప లండన్ లేదు, గిండన్ లేదు అంటాడు. వకీళ్ళు ఎన్నైనా సెప్తారు! లండన్ పేరెత్తితే మా నాయన కంచంలో సెయ్యి ఆపేవాడు. కోర్టు ఉండాదా లేదా? ఉండాది. నాకు తెల్దా?"

చూశారా విడ్డూరం! గెలిచినవాడూ అదే నమ్మాడు, ఓడినవాళ్ళూ అదే నమ్మారు. నమ్మనివాళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీద ముగ్గురే. ఆ ముగ్గురూ వకీళ్ళే.

గంగప్ప ఆనందం పట్టలేకపోయాడు. "సూసినావా కేశవప్పా, వణకతాండాడు! సగమంట, సగం! ఎవురికి కావాల? నువ్వు రైలెక్కు. మొత్తం తీసుకొస్తువు!" పెద్దలు కూడా తలలూపారు. తిమ్మప్ప పెట్టెను డబ్బాలో సర్ది, కొడుకును మెల్లగా అటు నెట్టాడు.

కేశవులు ఎక్కలేదు. గుండూరావుగారు అతన్ని నీళ్ళ కుళాయి పక్కకు తీసుకుపోయారు. ముసలాయన గొంతు చాలా తగ్గించి మాట్లాడారు.

"కేశవా, రంగప్ప చేతిలో డిక్రీ ఉంది. పంటకాలం అయిపోగానే కోర్టు అమీనును తెస్తాడు, పోలీసులను తెస్తాడు. అప్పుడు బీడులో మీ గొర్రె ఒక్కటి కూడా నిలవదు. ఈ సగమైనా వాడు ఇచ్చేది నీ రైలుకు భయపడి."

"నిజం చెప్తే?"

"చెప్పు. వాడు నవ్వుకుంటూ కారెక్కి పోతాడు. నీ ఊరికి గజం కూడా రాదు."

"మావాళ్ళకు మాత్రమే చెప్తే?"

"ముందొకసారి చెప్పావు కదా, నమ్మారా? ఇప్పుడు నమ్మినా, గంగప్ప నోట్లో మాట నిలుస్తుందా? రంగప్ప పదడుగుల్లోనే ఉన్నాడు. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు కేశవా, నోరు మూసుకుంటే చాలు. అయితే ఒకటి. రాజీ తిరగబడకుండా ఉండాలంటే ఈ నోరు జన్మంతా మూసుకోవాలి." ముసలాయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నారు. "నేను నిన్ను దిగమనను. ఎక్కమనీ అనను. నాకు ఆ హక్కు లేదు."

కేశవులుకు ఒళ్ళంతా మండిపోయింది. ఏం మనుషులురా వీళ్ళు అనిపించింది. లేని కోర్టుకు భయపడే రంగప్ప మీద కోపం, లేని కోర్టును నమ్మే గంగప్ప మీద కోపం, ఆ రెడ్డి కథ చెప్పిన అవ్వ మీద కోపం, చావడిలో ఒక్కసారి చెప్పి ఊరుకున్న తన మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం. ఎక్కేస్తే అయిపోతుంది. రైలు అక్కడే ఉంది. నాలుగు అడుగులు. లండన్‌లో పుస్తకాల మధ్య కూచోవచ్చు. బీడు పోతే ఎవరూ తనను తప్పుపట్టరు, అప్పీలు నడుస్తోందనుకుంటారు. మేత లేక మందలు సంతకు పోతుంటే, మా కేశవప్ప లండన్‌లో కొట్లాడుతున్నాడని చెప్పుకుంటారు. చెవి తెగిన తల్లి గొర్రెలను కూడా అమ్మి, అతనికి పంపుతారు.



గార్డు ఈల వేశాడు. కేశవులు తిరిగొచ్చి, డబ్బాలో పెట్టిన పెట్టెను తనే కిందికి దించాడు.

"ఏం సేస్తాండావురా?" అన్నాడు తిమ్మప్ప.

"నేను పోను నాయనా. రాజీకి ఒప్పుకోండి."

గంగప్ప మొహం పాలిపోయింది. "ఎందుకు పోవు? ఏమైందప్పా?"

కారణం కావాలి. ఏదో ఒకటి చెప్పాలి, అదీ రంగప్ప వింటుండగా చెప్పాలి. కేశవులు నోటికి వచ్చింది చెప్పాడు.

"భయమైతాంది మామా. సముద్రం. అంత దూరం నాకు సేత కాదు."

రైలు కదిలింది. తిమ్మప్ప దండ వేసిన కొడుకు మెడ వైపు చూసి, ఆ దండను పీకి ప్లాట్‌ఫారం మీద కొట్టాడు. "ఊరంతా నోరు కట్టుకుని నీకోసం మేపిందిరా! సముద్రమంటే భయమా? ఆ మాట సావడిలో సెప్పింటే ఆ మూగజీవాలన్నా బతికుండేవి కదరా!" అని వలవలా ఏడ్చాడు. తండ్రి ఏడవడం కేశవులు అంతకుముందు చూడలేదు. తలవంచుకుని నిలబడ్డాడు. గుండూరావుగారు మాత్రం పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

పోయేవాడే పోనన్నాక పెద్దలకు వేరే దారేముంది? ఒప్పుకున్నారు. మర్నాడు అందరూ పెనుకొండలో దిగారు. కేశవులు కూడా దిగాడు. కోర్టులో రాజీ దాఖలైంది. ఊరికి పడమటి సగం వచ్చింది. రంగప్ప కేశవులు పాస్‌పోర్టు అడిగి తీసుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకుని, ఆ రోజు హాయిగా భోంచేశాడట. ఓడ టికెట్టు మీద తిరిగొచ్చిన దుడ్లు ఊరికి చేరాయి. దావా ముగిసింది కాబట్టి, మిగిలిన గొర్రెలను ఎవరివి వాళ్ళు తోలుకుపోయారు. కేశవులును ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే తప్పుకుని పోయేవారు. పుట్టమ్మ అవ్వ పోయేదాకా అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత ఒకసారి మద్రాసు ప్రొఫెసరు లండన్‌లోనే ఇంకో ఉపకారవేతనం సంగతి రాశాడు. దానికి గొర్రెలు అక్కర్లేదు, పాస్‌పోర్టు కొత్తది తీసుకోవచ్చు. పోవచ్చు. పోతే మాట తప్పినట్టే, పైగా ఏ అప్పీలూ పడకపోతే లండన్‌లో ఆ దారే లేదని పరిగిలో తేలిపోతుంది. రాజీ చేసుకున్నది మోసపోయి అని రంగప్ప కొడుకులు కోర్టుకెక్కుతారు. వాళ్ళకు ఎప్పటి నుంచో ఆ పోయిన సగం మీదే కన్ను. కేశవులు ఆ ఉత్తరానికి రెండు రోజులు జవాబు రాయలేదు. మూడోరోజు, ఆరోగ్యం బాగాలేదని రాశాడు. మళ్ళీ రైలు, మళ్ళీ పెనుకొండ, మళ్ళీ నల్లకోటు. అతనికి మంచి పేరే వచ్చింది. రాజీలు కుదర్చడంలో గట్టివాడని అనేవారు.

అరవై ఏడులో ఒక మధ్యాహ్నం గంగప్ప పెనుకొండ కోర్టు వసారాలోకి వచ్చాడు. మనవడికి ఏదో హద్దు తగాదా. బాగా ముసలివాడైపోయాడు, కంబళి మాత్రం అదే. పని అయ్యాక మెట్ల మీద కూచుని, ఊపిరి పీల్చుకుంటూ కేశవులు చెయ్యి పట్టుకున్నాడు.

"తూరుపు సగం రంగప్పోళ్ళు దున్నేసినారప్పా. మంచి మేతంతా ఆ పక్కే ఉన్నింది. నువ్వు ఆ పొద్దు రైలెక్కింటే మొత్తం మనదే అయ్యుండేది."

"అవును మామా."

"నాకేం కోపం ల్యా. నేనూ సిన్నప్పుడు నీళ్ళంటే దడుసుకునేవాణ్ణి, బాయి కాడికి పోనంటే పోనని ఏడ్సేవాణ్ణి. భయం ఎవురికి ల్యాదు? ఊర్లో ఎవురన్నా నిన్ను పిరికోడంటే నేనే తిట్టిపోస్తా. సదువుకున్నోడేగానీ పాపం పిల్లోడురా, అని సెప్తా. ఇన్నేండ్లూ అదే సెప్తాండా."

కేశవులుకు నిజం నాలుక చివరికి వచ్చింది. వసారా అవతలి చివర స్తంభానికి ఆనుకుని రంగప్ప పెద్దకొడుకు, ఇంకో వకీలుతో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు.

"నీ మేలు మర్చిపోను మామా," అన్నాడు కేశవులు.